అలిపిరి మెట్లకు ఎన్ని క్రెడిట్లు?

మొన్న ఆగస్టు నుంచి నేనొక హైస్కూలుకు ప్రిన్సిపాల్‌ని. స్కూలు డల్లాస్ శివార్లలో, మా డైనింగ్ టేబుల్ మీద నడుస్తోంది. విద్యార్థుల సంఖ్య ఒకటి, మా అమ్మాయి. లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు మా ఆవిడ తీసుకుంది. నాకు మిగిలినవి రెండే పనులు: ట్రాన్‌స్క్రిప్టు (కాలేజీకి పంపే మార్కుల పట్టిక) మీద సంతకం, పీఈటీ సారు కొలువు. ఉత్సాహం కొద్దీ ఈల కూడా కొన్నాను. మొదటి రోజు పెరట్లో నిలబడి ఊదితే పక్కింటి కుక్క ఒక్కటే లైన్లోకి వచ్చింది.

కొలువు తేలికే అనుకున్నాను. మా ఊరి బళ్లో పీఈటీ సారు ఆగస్టు 15కి కవాతు చేయించి, మిగతా ఏడాదంతా ప్రార్థనలో లైన్లు సరిచేసేవారు. టైంటేబుల్లో గురువారం ఆఖరి పీరియడు డ్రిల్లు అని ఉండేది. ఆ పీరియడుకు లెక్కల మాస్టారు వచ్చి ‘సిలబస్ కాలేదురా’ అని సుద్దముక్క తీసేవారు. అలా పెరిగినవాణ్ని పట్టుకుని, తొమ్మిదో తరగతి పిల్ల ఏడాదికి ఎంత గెంతితే ఒక క్రెడిట్ (ఒక సబ్జెక్టు ఏడాది చదివినట్టు లెక్క) అవుతుందో చెప్పమంటే ఏం చెబుతాను?

చట్టాన్ని ఆశ్రయించాను. ఇంటి బడి కూడా ప్రైవేటు బడే అని టెక్సాస్ సుప్రీంకోర్టు 1994లోనే, లీపర్ కేసులో తేల్చేసింది. చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరుడిగా మెలగడం, ఈ ఐదూ నేర్పితే చాలట. ఆటల మాట లేదు. అంటే మా అమ్మాయి నాలుగేళ్లూ సోఫా దిగకపోయినా రాష్ట్రానికి అభ్యంతరం లేదు. ఇలాంటి స్వేచ్ఛ ఇస్తే తెలుగువాడు ఊరుకుంటాడా? అడగని పరీక్షకు కూడా కోచింగ్ పెట్టించే జాతి మనది. కాలేజీ వాళ్లు ఏమనుకుంటారో అని భయపడి, పబ్లిక్ స్కూలు పిల్లలకున్న ‘ఒక క్రెడిట్ పీఈ’ నియమాన్ని స్వచ్ఛందంగా నెత్తికెత్తుకున్నాం.

న్యూయార్క్‌లో ఉన్న మా తోడల్లుడికి ఈ ఎంపిక కూడా లేదు. అక్కడ ఇంటి బడి పిల్లలు హైస్కూలు ముగిసేలోగా పీఈ రెండు యూనిట్లు చేయాలి. యూనిట్ అంటే 6,480 నిమిషాలు. మూడు నెలలకోసారి స్కూల్ డిస్ట్రిక్టుకు నివేదిక పంపాలి. ఆయన ఫోన్లో ఎప్పుడు పలకరించినా ‘ఇంకా 9,000 నిమిషాలుందిరా’ అంటాడు, ఇంటి లోను గురించి చెప్పినట్టు.

మా దగ్గర ఇంటి బడి తల్లిదండ్రులు చాలామంది పాటించే కొలత, క్రెడిట్‌కు 120 గంటలు. రోజుకు 40 నిమిషాలు, వారానికి ఐదు రోజులు, 36 వారాలు. ఈ 120 ఎక్కడిదని తవ్వితే ఒక పింఛను కథ బయటపడింది. 1905లో ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ కాలేజీ ప్రొఫెసర్ల పింఛన్ల కోసం కోటి డాలర్లు ఇచ్చాడు. సొమ్ము ఉందనగానే ప్రతి బడీ తనను తాను కాలేజీ అనుకుంటుంది కదా. ఏది అసలు కాలేజీయో తేల్చడానికి ఆ పింఛన్లు పంచే సంస్థ వారు ఒక గీటురాయి పెట్టారు: చేరే పిల్లవాడు హైస్కూల్లో 14 యూనిట్లు చదివి ఉండాలి. ఒక్కో యూనిట్ దాదాపు 120 గంటలు. అలా ఎవరో ముసలి ప్రొఫెసరుగారి పింఛను కోసం పుట్టిన కొలబద్ద, వందేళ్లు దాటాక, మా పెరట్లో మా పిల్ల స్కిప్పింగ్ తాడు పొడవు కొలుస్తోంది.

ఈ కొలబద్దకు ఒక్కటే తెలుసు, గడియారం. చెమట తెలియదు. పోయిన వేసవిలో అందరం అలిపిరి నుంచి కొండెక్కాం. 3,550 మెట్లు. అమ్మాయి మధ్యమధ్య కూర్చుంటూ, మామిడికాయ ముక్కలు తింటూ, మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్లను తలుచుకుని ఏడుస్తూ ఆరు గంటల్లో పైకి చేరింది. మా అన్నయ్య కొడుకు రెండు గంటల్లో చేరి, గుండు కూడా చేయించుకున్నాడు. క్రెడిట్ లెక్కలో అమ్మాయికి ఆరు గంటలు, వాడికి రెండు. మెట్టు మీద నిద్రపోయి ఉంటే ఆ ఏడాది పీఈ అక్కడికక్కడే పూర్తయ్యేది. ఈ సూత్రం పట్టుబడ్డాక నేను పిల్లను ‘తొందరగా నడు’ అనడం మానేశాను.

తర్వాత ఏది వ్యాయామం, ఏది కాదు అన్న మీమాంస. టెక్సాస్ పబ్లిక్ స్కూళ్లలో పీఈకి బదులుగా మార్చింగ్ బ్యాండును, చీర్‌లీడింగ్‌ను ఒప్పుకుంటారు. బాకా ఊదుకుంటూ మైదానంలో నడిస్తే వ్యాయామం అయినప్పుడు, బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ తిరగడం ఎందుకు కాదు? తొమ్మిది సాయంత్రాలు, రెండేసి గంటలు, మొత్తం 18. ఈ వేగంతో ఒక క్రెడిట్‌కు ఏడు బతుకమ్మలు కావాలి. అప్పటికి పిల్లకు పెళ్లీడు వస్తుంది. పోనీ సంక్రాంతి ముగ్గులు కలుపుదామంటే ఇక్కడ వాకిలి లేదు, గరాజ్ ముందు ముగ్గేస్తే హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) నుంచి ఉత్తరం వస్తుంది.

అసలు పేచీ కూచిపూడి దగ్గర వచ్చింది. వారానికి నాలుగు గంటలు, బంగారం లాంటి గంటలు. కానీ ఒకే గంటను రెండు ఖాతాల్లో రాయకూడదని ఇంటి బడి పెద్దల నీతి. మా ఆవిడ అప్పటికే దాన్ని ఫైన్ ఆర్ట్స్ కింద రాసేసింది. నేను పీఈ కింద అడిగాను. ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి తరంగం ఆడే పిల్లకు వ్యాయామం లేదంటే ఎలా? రెండు రాత్రులు చర్చలు జరిగాక రాజీ కుదిరింది: నడుము పైభాగం ఫైన్ ఆర్ట్స్, కిందిభాగం పీఈ. చేతులూ కాళ్లూ కలిపి వేసే అడవుల (నాట్యపు అడుగుల) దగ్గర వచ్చిన చిన్న సందేహాన్ని గురువుగారికి వదిలేశాం. ఆవిడ ఇంతవరకు తిరిగి ఫోన్ చేయలేదు.

మార్కుల సంగతి అడగకండి. పిల్లకు మార్కులేసేదీ నేనే, ఆ మార్కులను కాలేజీకి పంపేదీ నేనే, బడి ‘కౌన్సెలర్’ (సలహాదారు) హోదాలో ఈ విద్యార్థిని గురించి నిష్పాక్షికంగా రాసేదీ మేమే. ఇంత అధికారం చేతిలో ఉండి కూడా నూటికి నూరు వేయడానికి తెలుగు తండ్రి చెయ్యి లేవలేదు. 96 వేశాను. వేసి, అలవాటు కొద్దీ ‘ఆ నాలుగు ఎక్కడ పోయాయమ్మా?’ అని అడిగేశాను.

ఇంతా చేశాక తెలిసిందేమిటంటే, కాలిఫోర్నియా యూనివర్సిటీ వారు చూసే ‘ఏ నుంచి జీ’ సబ్జెక్టుల పట్టికలో పీఈకి చోటే లేదు. ఆ మాట మా ఆవిడకు ఇంకా చెప్పలేదు. ఎక్సెల్ షీటులో రంగులు కూడా వేసుకుంది.

ఆ షీటు రోజూ నింపేది నేను. శనివారం నాలుగు గంటలు కుర్చీలోంచి లేవకుండా పిల్ల కదలికలను నమోదు చేస్తాను. నడుం పట్టేసింది. నాలాంటి పీఈటీ సార్లు ఈ దేశంలో ఇంకా చాలామంది ఉంటారని నా అనుమానం.

ఈలోగా మా అమ్మ సెప్టెంబరు మొదట్లో గుంటూరు నుంచి దిగింది. ఇక్కడ మాట్లాడే దిక్కు లేక పొద్దున ముప్పావు గంట, సాయంత్రం ముప్పావు గంట, నేతచీర మీద మనవరాలి పాత బూట్లు తొడుక్కుని వీధి చుట్టూ తిరుగుతుంది. సరదాకి ఆవిడ గంటలు కూడా ఒక గడిలో వేస్తూ వచ్చాను. 80 రోజులకు లెక్క తేలింది: అమ్మ 120, అమ్మాయి 31. మా బడి చరిత్రలో పీఈ క్రెడిట్ సంపాదించిన మొదటి విద్యార్థిని మా అమ్మ. ఆల్జీబ్రా ఒక్కటే బాకీ.

చూస్తూ ఊరుకోలేక మంచి దళసరి కాగితం మీద సర్టిఫికెట్ అచ్చు తీసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను. అమ్మ కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కింది దాకా చదివింది.

“ఈ ప్రిన్సిపాలు ఎవర్రా?”

“నేనేనమ్మా.”

“నువ్వా!” అని కాగితం మళ్లీ నా చేతిలోనే పెట్టి, బూట్లు తొడుక్కుని సాయంత్రం నడకకు వెళ్లిపోయింది.