పురుగు రాకకు వేడి పద్దు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత ఎండ మీద మన పెద్దలు కట్టిన అంచనా. కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే 13 లేదా 14 రోజుల కాలం కాబట్టి రోహిణి ఏటా మే చివరి వారంలోనే మొదలవుతుంది. దాని వెంట రావలసిన ఎండ మాత్రం అంత కచ్చితంగా రాదు. 2025లో రోహిణి ప్రవేశించిన ఒకటి రెండు రోజులకే నైరుతి రుతుపవనాలు తెలంగాణలో అడుగుపెట్టాయి. వాన కంటికి కనిపిస్తుంది కనుక విత్తనం వేసే రైతు మిరుగు కోసం ఎదురుచూడకుండా సర్దుకుంటాడు. పురుగు విషయంలో ఆ సర్దుబాటు జరగడం లేదు. విత్తిన 45 రోజులకు లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనను ఎరగా పెట్టి మగ రెక్కల పురుగులను పట్టేవి) కట్టాలని, ఫలానా రోజుకు ఫలానా మందు కొట్టాలని చెప్పే మన సలహాలు దాదాపుగా రోజుల లెక్కలోనే సాగుతున్నాయి. పురుగు రోజులు లెక్కపెట్టుకోదు. దాని ఒంటికి అందిన వేడిని బట్టే గుడ్డు పగలడం, పురుగు పెరగడం, కోశస్థ (ప్యూపా) దశ దాటి రెక్కలు రావడం జరుగుతాయి.

మనలా ఒంటి వేడిని ఒకే స్థాయిలో నిలుపుకునే శక్తి కీటకాలకు లేదు. చుట్టూ ఉన్న గాలి వేడే వాటి పెరుగుదల వేగాన్ని నిర్ణయిస్తుంది. ఒక కింది హద్దు కంటే చల్లబడితే ఆ పెరుగుదల ఆగిపోతుంది, ఆ హద్దు దాటిన ప్రతి డిగ్రీ పెరుగుదలకు జమ అవుతుంది. వేడిని ఇలా కూడుకుంటూ పోయి జీవుల ఎదుగుదలను అంచనా వేయవచ్చన్న ఆలోచనను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రెయోమూర్ 1735లోనే ముందుకు తెచ్చాడు. లెక్క బడిపిల్లలు చేయగలిగినంత సులువు. రోజు గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల సగటులోంచి కింది హద్దును తీసేస్తే మిగిలేది ఆ రోజు జమ. దాన్నే డిగ్రీ రోజులు అంటారు. మొక్కజొన్నను ఆశించే కత్తెర పురుగుకు కింది హద్దు 12.5 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుందని, గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా సుమారు 390 డిగ్రీ రోజులు పడతాయని ప్రయోగశాల పరిశోధనలు చెబుతున్నాయి. పగలు 34, రాత్రి 24 డిగ్రీలుండే వానాకాలపు రోజున సగటు 29, జమ 16.5, అంటే ఒక తరం పూర్తికావడానికి సుమారు 24 రోజులు. పగలు 29, రాత్రి 14 డిగ్రీలుండే డిసెంబరు రోజున జమ 9 మాత్రమే కాబట్టి అదే తరానికి 43 రోజులు కావాలి.

ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే ఉత్తర తెలంగాణకు అసలు విషయమని నా అభిప్రాయం. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడి ఉష్ణోగ్రతలు పెద్దగా మారవు; ఆ మూడు నెలలు రోజుల లెక్కా వేడి లెక్కా దాదాపు ఒకే వేగంతో నడుస్తాయి, పాత సలహా కూడా పనిచేస్తుంది. అక్టోబరు దాటి రాత్రులు చల్లబడ్డాకే రెండు లెక్కలూ విడిపోతాయి. గులాబీ రంగు పురుగు పత్తి కాయలను దెబ్బతీసేదీ, యాసంగి మొక్కజొన్న మొలకెత్తేదీ సరిగ్గా ఆ కాలంలోనే. పైగా చలి అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఆదిలాబాద్‌లో రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోయిన వారంలో వరంగల్, జమ్మికుంట చేలలో పురుగు తన పద్దును చాలా ముందుకు జరుపుకుని ఉంటుంది. రెండు చోట్లకూ ఒకే రోజున ఒకే సందేశం పంపితే ఒకరికి తొందరవుతుంది, మరొకరికి ఆలస్యమవుతుంది.

పత్తిలో ఆ ఆలస్యానికి ఎంత మూల్యమో గులాబీ రంగు పురుగు తీరు చూస్తే తెలుస్తుంది. తల్లి పురుగు పెట్టిన గుడ్డు మూడు నుంచి ఐదు రోజుల్లో పగులుతుంది. బయటపడిన పిల్ల పురుగు ఎక్కువసేపు ఆకుల మీద తిరగదు. పువ్వులోకో, లేత కాయలోకో దూరిపోతుంది, దూరిన రంధ్రం కూడా త్వరలోనే పూడుకుపోతుంది. ఆ తర్వాత ఎంత ఖరీదైన మందు కొట్టినా అది కాయ పైన తడిగా మిగలడమే తప్ప లోపలి పురుగును తాకదు. పువ్వు విచ్చుకోకుండా ముడుచుకుని గుడ్డి పువ్వుగా కనిపించేసరికే పురుగు లోపల ఉంటుంది. కాయ పగిలి రంగు మారిన దూది బయటపడేసరికి నష్టం పూర్తయి ఉంటుంది. అంటే మందుకు అందే సమయం గుడ్డుకూ కాయకూ మధ్యనున్న ఆ కొద్ది గంటలూ రోజులే. ఆ సమయాన్ని కంటితో పట్టుకోవడం చేనులోనే పుట్టి పెరిగిన రైతుకు కూడా కష్టం. వేడి లెక్క విలువ ఇక్కడ తెలుస్తుంది: ఫలానా రాత్రి బుట్టలో రెక్కల పురుగులు పడ్డాయంటే, ఆ తర్వాతి రోజుల వేడిని కూడుకుంటూ పోయి గుడ్లు పగిలే రోజులను ముందే చెప్పవచ్చు.

అయితే పద్దు ఏ తేదీన తెరవాలన్నది తేలకపోతే కూడికకు అర్థం లేదు. అమెరికా ఆపిల్ తోటల్లో కాడ్లింగ్ మాత్ అనే కాయతొలుచు పురుగు మీద ఈ పద్ధతి దశాబ్దాలుగా నడుస్తోంది. అక్కడ బుట్టల్లో రెక్కల పురుగులు వరుసగా పడటం మొదలైన రోజును ఆరంభ తేదీగా తీసుకుని, అక్కడి నుంచి ఫారెన్‌హీట్ కొలతలో 250 డిగ్రీ రోజులు జమ అయ్యే సమయానికి తొలి గుడ్లు పగులుతాయని లెక్కిస్తారు. ఉష్ణోగ్రత ఎంత కచ్చితంగా కొలిచినా బుట్ట చూసే మనిషి లేకపోతే ఆ పద్ధతి నిలవదు. మన దగ్గర కూడా బుట్టకు రోజుకు 8 చొప్పున వరుసగా మూడు రోజులు పడితే చర్య తీసుకోవాలన్న సిఫారసు ఉంది. కానీ కట్టిన బుట్టలో ఎర మార్చని చేలు, లెక్క రాయని పుస్తకాలు ఎన్నో. బుట్ట కట్టడాన్ని మనం ఒక పథకంగా చూశాం. అందులో పడిన పురుగులను లెక్కపెట్టడాన్ని పనిగా గుర్తించలేదు.

బయటి దేశాల సూత్రాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకోవడంలో ఇంకో చిక్కుంది. చలి దేశాలవారికి కింది హద్దే ముఖ్యం, మనకు పై హద్దు అంతకంటే ముఖ్యం. వేడి పెరిగేకొద్దీ పురుగు పెరుగుదల ఒక స్థాయి దాకానే వేగం పుంజుకుంటుంది. ఆపైన వేగం పెరగదు, ఇంకా పైన అది కుంటుపడుతుంది, పురుగు చావవచ్చు కూడా. మే నెలలో పగలు 44, రాత్రి 28 డిగ్రీలుంటే మామూలు సూత్రం రోజుకు 23.5 జమ చూపించి కత్తెర పురుగు తరం 17 రోజుల్లో ముగుస్తుందంటుంది. 30 డిగ్రీల దగ్గర పై హద్దు గీసి పగటి 44ను 30గానే లెక్కిస్తే సగటు 29 అవుతుంది, జమ 16.5కు తగ్గి మళ్లీ 24 రోజులకే వస్తుంది. అరిజోనా ఎండల్లో పత్తి ఎదుగుదలకు వేడి లెక్క కట్టేవారు 55, 86 ఫారెన్‌హీట్ డిగ్రీలను రెండు హద్దులుగా పెట్టుకున్నది ఇందుకే. ఆ 86 మన కొలతలో 30. ఆదిలాబాద్ చలి రాత్రుల్లో ఇందుకు విరుద్ధమైన పొరపాటు జరుగుతుంది: కనిష్ఠం కింది హద్దు కంటే తక్కువైనప్పుడు సాదా సగటు పగటి వేడిని కూడా మింగేసి జమను తక్కువ చూపుతుంది. ఇవి కాక, వాతావరణ కేంద్రం కొలిచేది నీడలో, మనిషి ఛాతీ ఎత్తున ఉన్న గాలి వేడిని. కత్తెర పురుగు ఉండేది మొక్కజొన్న సుడిలో, కోశస్థ దశ గడిపేది మట్టిలో. నీరు పారిన చేనులో ఆ వేడి వేరు. ఇక్కడి బుట్టల లెక్కలతో సరిచూసుకోకుండా పుస్తకంలోని 390ని పట్టుకుని మందు తేదీ చెప్పడం తొందరపాటే.

వేడి ఒక్కటే నడిపించని పురుగులూ ఉన్నాయి. వరి ఉల్లికోడు ఉధృతికి వేడికంటే మబ్బు పట్టిన వాతావరణం, గాలిలో తేమ, నాట్లు ఆలస్యం కావడం ముఖ్యం. 2021లో మిరప తోటలను ఊడ్చేసిన కొత్త రకం తామర పురుగు విషయంలోనూ డిగ్రీ రోజుల పట్టిక ఒక్కటే రైతును కాపాడి ఉండేది కాదు.

ఇన్ని పరిమితులున్నా ఈ లెక్క మొదలుపెట్టడానికి కావలసిన సామగ్రి మన దగ్గర ఉంది. రాష్ట్ర ప్రణాళికా సంస్థ వెయ్యికి పైగా స్వయంచాలిత వాతావరణ కేంద్రాలను నడుపుతోంది. మండలాల వారీగా ఉష్ణోగ్రతలు రోజూ వస్తూనే ఉన్నాయి. సుమారు ఐదు వేల ఎకరాల క్లస్టర్‌కు ఒక రైతు వేదిక, ఒక వ్యవసాయ విస్తరణ అధికారి ఉన్నారు. ఆ అధికారికి సర్వేలు, నమోదులు ఎన్ని ఉన్నాయో తెలిసినవారెవరూ ఇంకో పని మోపమని తేలిగ్గా అనలేరు. అందుకే కూడికను కంప్యూటర్‌కు వదిలి, క్లస్టర్‌లో నాలుగైదు బుట్టల అంకెలను మాత్రం ఊరిలోని ఒకరి చేత జీతమిచ్చి రాయించాలి. 1997-98లో పత్తిపై విరుచుకుపడిన పొగాకు లద్దె పురుగును ఆపలేక, మందు మీద మందు కొట్టి అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న వరంగల్ రైతుల సంగతి ఈ ప్రాంతం మరిచిపోలేదు. అప్పటి విషాదానికి నకిలీ మందులు, వడ్డీ అప్పులు, ధర పతనం వంటి కారణాలు ఎన్నో ఉన్నాయి. ముదిరిన లద్దె పురుగు మీద మందు పనిచేయదని తెలియక కొట్టిన పిచికారీలూ వాటిలో ఉన్నాయి. కొట్టాల్సిన రోజుతో పాటు కొట్టనవసరం లేని రోజును కూడా చెప్పగలగడం ఈ పద్ధతిలో నాకు ఎక్కువ నచ్చిన గుణం.

మొదటి ప్రయోగం పత్తి చివరి దశలో చేస్తే మేలు. డిసెంబరుతో పంట ముగించి మోళ్లు తీసేయాలని శాస్త్రవేత్తలు ఏటా చెబుతారు. నీటి వసతి ఉన్న రైతు మరో రెండు విడతలు పత్తి ఏరుకోవచ్చన్న ఆశతో ఫిబ్రవరి దాటినా చేను నిలుపుతాడు. అతడి ఆశ అర్థం చేసుకోదగ్గదే, ఎందుకంటే రాబోయే రాబడి అతడికి కనిపిస్తుంది, పురుగుకు చేరే వేడి కనిపించదు. సంక్రాంతి తర్వాత ఎండ ముదిరేకొద్దీ జమ పెరిగి, నిలిచిన ప్రతి పచ్చికాయ వచ్చే ఏటికి సరిపడా పురుగును పెంచుతుంది. డిసెంబరులో తీసేసిన చేనులో పురుగుకు అందిన డిగ్రీ రోజులెన్ని, మార్చి దాకా ఉంచిన చేనులో ఎన్ని అన్న రెండు అంకెలను రైతు వేదిక గోడ మీద రాసి పెడితే, ఆ అదనపు పత్తికి ఎంత ధర పడుతుందో లెక్క కట్టుకోవడం రైతుకు ఎవరూ నేర్పనక్కరలేదు.