ప్రతి బండికీ ఒక బుగ్గ

2017 మే 1న మన దేశంలో బుగ్గ కార్లకు కాలం చెల్లింది. మంత్రిగారి కారు మీద, పెద్ద ఆఫీసరుగారి కారు మీద, ఏమీ కాని చాలామంది కార్ల మీద వెలిగిన ఎర్రలైటు కిందికి దిగింది. మనమంతా చప్పట్లు కొట్టాం. కానీ సామాన్యుడి బుగ్గ జోలికి మాత్రం ప్రభుత్వం రాలేదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం చీకటి పడ్డాక ప్రతి మోటార్ సైకిలు వెనకా ఒక ఎర్రలైటు వెలగాలి, అది 155 మీటర్ల దూరానికి కనపడాలి. పైరవీ లేకుండా, పదవి లేకుండా వచ్చిన బుగ్గ అది. దాన్ని మనం ఎంత అపురూపంగా చూసుకుంటున్నామో తెలియాలంటే రాత్రి ఎనిమిదింటికి ఏ ఊరి బైపాస్ మీదైనా కాసేపు నిలబడితే చాలు.

ఇందులో మన తప్పేమీ లేదని నా వాదన. బండి నడిపేవాడి కంటికి కనపడని లైటు అది. ట్యాంకు కనిపిస్తుంది కాబట్టి తుడుస్తాం. అద్దంలో మొహం కనిపిస్తుంది కాబట్టి దువ్వుకుంటాం, అది ఉన్నదే అందుకు. సైలెన్సర్ కనపడకపోయినా వినపడుతుంది, మనతోపాటు వీధి మొత్తానికి. టెయిల్ లైటు సంగతి అలా కాదు. దానివల్ల లాభమంతా వెనకొచ్చేవాడికే. ముక్కూ మొహం తెలియనివాడి కోసం మనం బల్బు కొనాలా? అంత అవసరమైతే వాణ్నే చందా వేసుకోమనండి.

మెకానిక్‌లూ ఈ సిద్ధాంతాన్నే నమ్ముతారు. చాలా బండ్లకు వెనక ఉండేది 12 వోల్టుల 21/5 వాట్ల బల్బు. ఒకే గాజుబుడ్డిలో రెండు ఫిలమెంట్లు. రాత్రంతా వెలగాల్సింది 5 వాట్లది, బ్రేకు నొక్కితే వెలిగేది 21 వాట్లది. చిన్నది మాడిపోయిందని బండి తీసుకెళ్తే, కుర్రాడు కాలితో బ్రేకు నొక్కి "వెలుగుతోందిగా సార్!" అంటాడు. వెలుగుతోంది, కాదనలేం. ఇక కొందరి బండ్లకు బ్రేకు స్విచ్ ఇరుక్కుపోయి ఆ పెద్దది ఆరదు. ఇంటి దగ్గర బయల్దేరినప్పటి నుంచి ఆఫీసు దాకా వాళ్లు ఆగుతూనే ఉంటారు. నిజంగా ఆగినప్పుడు చెప్పడానికి ఇంకేం మిగలదు.

మనది పరోపకారం లేని జాతి అనుకుంటే పొరపాటు. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త టూవీలర్లకు పగలు కూడా హెడ్‌లైటు వెలిగే ఏర్పాటు తప్పనిసరి చేశారు. ఇప్పటికీ ఎదురొచ్చేవాళ్లు చేతివేళ్లు ముడుస్తూ, తెరుస్తూ "లైటు ఆర్పుకో" అని సైగ చేస్తూనే ఉన్నారు. పక్కన ఆగి మరీ చెప్పే పెద్దమనుషులున్నారు. కానీ "బాబూ, నీ వెనక లైటు పోయింది" అని చెప్పినవాణ్ని మీరెప్పుడైనా చూశారా? చూసేవాడు దగ్గరికొచ్చేసరికే ఆలస్యమైపోతుంది, పాపం.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారని, అందులో టూవీలర్ల మీద వెళ్లినవాళ్లు నూటికి 44 మందికి పైనేనని కేంద్ర రవాణా శాఖ లెక్క. ఆ లెక్క చదివి టెన్షన్ పడేవాళ్ల కోసమే యాక్సెసరీల షాపులున్నాయి. అలాంటి ఒక షాపుకి వెళ్లి వెనక్కి అదనంగా లైటు కావాలన్నాను. నీలం చూపించాడు. నీలం, ఎరుపు మార్చి మార్చి కొట్టే పోలీస్ ఫ్లాషర్ చూపించాడు. కంట్లో సూదిలా గుచ్చే తెల్లది చూపించాడు. "మామూలు ఎరుపు లేదా బాబూ, కొట్టుకోకుండా నిలకడగా వెలిగేది?" అంటే జాలిగా చూశాడు. "అది ఎవరూ అడగరంకుల్."

చట్టం అడుగుతుంది. 108వ నిబంధన ప్రకారం బండి వెనక్కి ఎరుపు తప్ప మరో రంగు చూపకూడదు. ఇండికేటర్ల పసుపుకి, నంబర్ ప్లేటు మీద పడే తెల్లలైటుకి మినహాయింపు ఉంది. అనుమతి లేని మార్పులు చేస్తే ఒక్కో మార్పుకి 5,000 రూపాయలు వదులుతాయి. అంటే షాపువాడు చూపిన మూడూ బిగిస్తే పదిహేను వేలు జరిమానాకే. నిలకడగా వెలిగే ఎరుపు ఒక్కటే ఈ రంగుల తగాదాలోకి రాదు. అందుకే కాబోలు, దొరకదు.

మా కాలనీలో లెక్కల మాస్టారొకాయన ఎక్కడో సంపాదించారు. వెనక డబ్బాకి రెండు మూలలా చిన్న ఎర్ర ఎల్ఈడీలు, ఒకటి టెయిల్ వైరుకి, ఒకటి బ్రేకు వైరుకి, మధ్యలో ఫ్యూజు. డబ్బా వెడల్పునా ఎర్ర రేడియం టేపు. హెల్మెట్ వెనక కూడా ఒక ముక్క. "ఏంటి మాస్టారూ, బండికి దిష్టి తీయించారా?" అని పిల్లలు ఏడిపిస్తే, అరవై స్పీడులో వచ్చేవాడికి 155 మీటర్లంటే తొమ్మిది సెకన్లని, 1986 మోడల్ నుంచి అమెరికా కార్లకు మూడో బ్రేకు లైటు తప్పనిసరని లెక్చరిచ్చారు. అమెరికాలో ఉన్న మన పిల్లలు కారు ముందు నిలబడి ఫొటోలు పంపుతారు గానీ, కారు వెనక నిలబడి ఎవడు పంపుతాడు?

పల్లెల్లో సమస్యే లేదు. గడ్డిమోపు కట్టాక టెయిల్ లైటు, నంబర్ ప్లేటు, నడిపేవాడు ముగ్గురూ మాయం. గడ్డివాము తనంతట తానే ఊళ్లోకి నడిచెళ్తున్నట్టుంటుంది. దానికి రేడియం ఎక్కడ అతికిస్తారు?

ఇక నాకు తోచిన దారి ఒక్కటే. వెనక నంబరు కనపడకపోయినా హీరో బొమ్మ కనపడాలనుకునే ప్రజలం. ఆ బొమ్మనే ఎర్ర రేడియంతో కోయిస్తే? మా హీరో 155 మీటర్లకు కనపడ్డాడని ఒకరంటే, మావాడు 200కి కనపడాలని ఇంకొకరు ఇంకో పొర అతికిస్తారు. పార్టీల దగ్గరే చిక్కు. పసుపు, నీలం, కాషాయం అన్నీ నిబంధనకు విరుద్ధం. ఎర్ర కండువాల వాళ్లకే లాభం కలిగే ఇలాంటి చట్టాన్ని మిగతావాళ్లు ఒప్పుకోరు. గులాబీ వాళ్లు మాత్రం దూరం నుంచి చూస్తే మాదీ ఎరుపే అనొచ్చు. ఎంత దూరం నుంచి అన్నది టేపు పెట్టి కొలవాలి.