ఆసక్తి లేక కాదండీ

మెట్రోలు, ఫ్లైఓవర్లంటే కోస్తావాళ్లకు ఆసక్తి లేదని, అందుకే అక్కడ మహానగరం పుట్టలేదని ఒకరు రాశారు. నేనొప్పుకోను. 2014 విభజన చట్టంలోనే విశాఖ, విజయవాడ–గుంటూరు–తెనాలి మెట్రోల సాధ్యాసాధ్యాలు చూడాలని ఉంది. హైదరాబాద్‌లో 2017కే మెట్రో నడిచింది. ఆంధ్రలోవి పదేళ్లు కాగితాల మీదే నలిగాయి.

జనానికి ఉండేది నష్టపోతామన్న భయం. మా తిరుపతిలో శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ కడుతున్నప్పుడు లీలామహల్ సర్కిల్‌లో షాపులవాళ్లు దుమ్ముతో, బేరాల్లేక లబోదిబోమన్నారు. 2023లో పూర్తయ్యాక కపిలతీర్థం వైపు బండ్లు పైనుంచే పోతున్నాయి, కింద ముసలివాళ్లు కూడా నిదానంగా రోడ్డు దాటుతున్నారు. ఇప్పుడు వద్దనేవాళ్లెవరు?

మహానగరం మాకు అక్కర్లేదని కాదు; పెద్ద జబ్బు చేస్తే మా జిల్లావాళ్లు నేటికీ తమిళనాడులోని రాయవేలూరుకో (వెల్లూరు) చెన్నైకో పరుగెత్తుతున్నారు. రోడ్డు వెడల్పులో స్థలం పోయేవాళ్లకు డబ్బు ముందే చేతిలో పెట్టండి, అప్పుడు అడగండి ఆసక్తి ఉందో లేదో.