స్వరమేళానికి పంచనామా

1913 మే 29న పారిస్‌లోని షాంజెలీజే థియేటర్‌లో ఇగోర్ స్ట్రావిన్‌స్కీ బ్యాలే ‘ది రైట్ ఆఫ్ స్ప్రింగ్’ తొలి ప్రదర్శనకు వచ్చినవారి గోలలో వాద్యబృందం సరిగా వినిపించలేదనీ, నృత్యకర్త నిజిన్‌స్కీ తెర పక్కన కుర్చీ ఎక్కి నర్తకులకు అంకెలు అరిచి చెప్పవలసి వచ్చిందనీ చరిత్ర ఇప్పటికీ ఆ ప్రేక్షకులను నిందిస్తూనే ఉంది. ఈల వేయడం క్షమించరాని తప్పేమీ కాదు. అంత యాగీ చేసిన పెద్దమనుషులు, తమను అంతగా బాధించిన స్వరమేళం (ఒకేసారి మోగే స్వరాల గుంపు) ఏ వర్గానికి చెందినదో విచారించకుండానే ఇళ్లకు వెళ్లిపోవడం అసలు నేరం.

ఆ పంచనామా బాధ్యతను తరవాతి పండితులు భుజాన వేసుకున్నారు. మొదటి భాగంలో తీగవాద్యాలు, ప్రతిసారీ కమానును కిందికే లాగుతూ, ఒకే మేళాన్ని పదేపదే మోదుతాయి. అడుగున ఎఫ్-ఫ్లాట్ మేజర్ అనే మేళం, పైన ఈ-ఫ్లాట్ సెవెన్త్ అనే మేళం: పడని రెండు కుటుంబాలు ఒకే వాటాలో కాపురం పెట్టినట్టుంటుంది. రెండు శ్రుతులు ఒకేసారి మోగుతున్నాయని కొందరన్నారు. మూలం ఎనిమిది స్వరాల ఆక్టటానిక్ శ్రేణిలో ఉందని మరికొందరన్నారు. అందులో ఇమడని స్వరాలను ఏం చేయాలన్న ప్రశ్న మీద ఇంకో తరానికి ఉపాధి దొరికింది. 1978లో సంగీత సిద్ధాంతవేత్త అలెన్ ఫోర్ట్ ఈ కృతిలోని స్వరసమూహాలన్నిటికీ అంకెల పేర్లు పెట్టి పట్టికలకెక్కించారు. స్విట్జర్లాండ్ ఊరు క్లారెన్స్‌లోని ఇరుకు గదిలో పియానో ముందు కూర్చుని దీన్ని రాసిన మనిషికి ఈ మేళం ఎడమచేతి కింద సగం, కుడిచేతి కింద సగం హాయిగా ఇమిడిపోతుందన్న సంగతి మాత్రం సాక్ష్యంగా చెల్లదు. వేళ్లకు డాక్టరేటు లేదు కదా.

ఇక ఆ మేళం మోదుడు మీద ఎనిమిది హారన్ వాద్యాలు ఉన్నట్టుండి వేసే దెబ్బల మధ్య ఎడాన్ని లెక్కిస్తే 9, 2, 6, 3, 4, 5, 3 అని వస్తుంది. కాగితం మీద రెండు మాత్రల సాదా నడక మాత్రం చెక్కుచెదరదు. (మన కచేరీలో తొడ మీద తాళం వేసుకునే శ్రోత ఇక్కడ కాసేపటికే చెయ్యి ముడుచుకుంటాడు.) దెబ్బ ఎప్పుడు పడుతుందో తెలియక ఒళ్లు బిగుసుకోవడమే ఆ అంకెల పని అని ఎవరైనా అంటే, అది విశ్లేషణ కాదు, ఉత్త వినడమని పండితుడు కొట్టిపారేస్తాడు.

ఆరంభంలో బసూన్ అనే ఊదే వాద్యం పలికే లిథువేనియా పాట ఒక్కటే తాను అరువు తెచ్చుకున్నదని స్వరకర్త చెప్పుకున్నాడు. సంగీత చరిత్రకారుడు రిచర్డ్ టారస్కిన్ వంటివారు ఇల్లు సోదా చేసి మరికొన్ని పట్టుకున్నారు. నిజం చెప్పాలంటే, ఈ ఒక్క సోదాలో మాత్రం సరుకు దొరికింది.

బ్యాలే కథలో పెద్దలు వలయంగా కూర్చుని, ఎంపికైన కన్య ప్రాణం పోయేదాకా ఆడుతుంటే చూస్తారు. పండితసభ కూర్చున్న తీరూ అదే కనుక, కథ వారికి బాగా అర్థమైందని ఒప్పుకోవాలి. ఆ బలి నృత్యాన్ని స్ట్రావిన్‌స్కీ 1943లో మళ్లీ సవరించి గతిగీతలు (మాత్రలను విడగొట్టే నిలువు గీతలు) మార్చడంతో పాత గీతలకొక లెక్క, కొత్త గీతలకొక లెక్క ఏర్పడ్డాయి. కన్య ఏ గీత దగ్గర కూలితే శాస్త్రసమ్మతమో తేలేవరకు ఆమె చేత ఆడిస్తూ ఉండడమే న్యాయం.