నిధి నిక్షేపాలతో సహా నాలుగో అంతస్తు

కాకినాడలో నాలుగో అంతస్తు ఫ్లాటు కొన్నవాడికి కారు పార్కింగు దొరక్కపోవచ్చు గానీ, నిధి నిక్షేపాలు మాత్రం దక్కే అవకాశం గట్టిగానే ఉంది. దస్తావేజు తీసి చూసుకోండి. నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షిణి, ఆగామి, సిద్ధ, సాధ్యములనెడి అష్టభోగ తేజస్వామ్యములతో, పుత్ర పౌత్ర పారంపర్యంగా, దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో మీరు సుఖాన అనుభవించవలసినది అని ఉంటుంది. రాజులు అగ్రహారాలిస్తూ రాగిరేకుల మీద చెక్కించిన మాట ఇది. లేఖరి గారి కంప్యూటర్లో పాత పొలం దస్తావేజు ఒకటి పడి ఉంటుంది. ఎకరాలు తీసేసి చదరపు అడుగులు పెడతారు, భోగాల జోలికి మాత్రం పోరు. ఇంతా చేసి మన వాటాకు వచ్చిన అవిభక్త స్థలం నలభై గజాలు, అది లిఫ్టు కింద ఉందో జనరేటర్ కింద ఉందో బిల్డరుకే తెలియదు. పోనీ తవ్వగా లంకెబిందె దొరికిందే అనుకుందాం. పది రూపాయల విలువ దాటిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం ఒకటి ఉంది. కాబట్టి మొదటి భోగం దగ్గరే అనుభవం ఆగిపోతుంది.

ఇంత గొప్ప రచనకు సాహిత్య లోకంలో దక్కాల్సిన గౌరవం దక్కలేదన్నదే నా ఆవేదన. గిడుగు రామమూర్తి పంతులు గారు అంత పోరాడినా గ్రాంథికం ఈ ఒక్క చోట చెక్కుచెదరలేదు. కల్పనాశక్తి సంగతైతే చెప్పనే అక్కర్లేదు. "నా కుటుంబ అవసరముల నిమిత్తం, నా ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేక" అని మొదలవుతుంది. అన్నదమ్ములు మూడేళ్లు మాటలు మానేసి, పెద్దమనుషులు కూర్చుని, చివరికి అప్పులవాడు గుమ్మం ఎక్కాక అమ్మిన స్థలమే అది.

అసలు ప్రతిభ ధర దగ్గర కనిపిస్తుంది. "వాల్యూ ఎంత చూపిద్దామండీ?" అంటాడు లేఖరి. ఒకే ఫ్లాటుకు ప్రభుత్వానికి చూపించే ధర ఒకటి, బ్యాంకు లోను కోసం చూపించే ధర ఒకటి, బావమరిదికి చెప్పే ధర మరొకటి. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపితే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దాదాపు ఏడున్నర శాతం అవుతుంది గనుక, మొదటి ధర వీలైనంత పొట్టిగా ఉంటుంది. ప్రభుత్వమూ అమాయకురాలేం కాదు. ఫలానా వీధిలో గజం ఇంతకు తగ్గడానికి వీల్లేదని తనే ఒక ధర రాసి పెట్టుకుంది. అదేం విచిత్రమో, చాలా అమ్మకాలు సరిగ్గా ఆ ధర దగ్గరే, పైసా అటూ ఇటూ కాకుండా కుదురుతాయి. మిగతా సొమ్ము సంగతంటారా? స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు పుచ్చుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది. అందుకే ఎవరూ పుచ్చుకోరు. సంచీ ఒక కారు డిక్కీలోంచి ఇంకో కారు డిక్కీలోకి తనంతట తానే నడిచి వెళ్తుంది. ఆ తర్వాత అందరూ లోపలికి వెళ్లి "యావత్తు ప్రతిఫలం ముట్టినది" అనే వాక్యం కింద సంతకం పెడతారు. పైగా దస్తావేజు మొత్తంలో అక్షరాలా నిజమైన వాక్యం అదొక్కటే.

ఇక ఆఫీసులో జరిగేది చూడాలి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం నూరు రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావాల్సిందే. ఆ నూరు రూపాయలకు ఇప్పుడు ఆధార్, పాన్ జిరాక్సులు, రెండు టీలు వస్తాయి. మంచి ముహూర్తం చూసుకుని, రాహుకాలం తప్పించుకుని వచ్చినవాళ్లకు "సర్వర్ డౌన్" అనే గ్రహం ఒకటి ఎదురొస్తుంది. దానికి శాంతి లేదు.

సర్వర్ లేచాక తాతగారి వంతు. అరవై ఏళ్లు పార పట్టిన బొటనవేలు, గీతలు అరిగిపోయాయి, మెషిన్ ఒప్పుకోదు. "ఓసారి తలకు రుద్దుకుని పెట్టండి తాతగారూ" అంటాడు ఆపరేటర్ కుర్రాడు. తాతగారు వేలికి కొబ్బరినూనె జిడ్డు పట్టించి మళ్లీ పెడతారు. కాదు. చూపుడు వేలు. కాదు. ఎడమ చెయ్యి. ఎట్టకేలకు పచ్చదీపం వెలుగుతుంది, ఫోటో తీస్తారు. సాక్షి సంతకానికి పక్క టీ కొట్టులోంచి ఒకతను వస్తాడు. తాతగారిని చూడటం అతనికి అదే మొదటిసారి.

ఇంత తతంగంతో తేలేదేమిటంటే, ఆ కుర్చీలో కూర్చున్నాయన ఆయనేనని. ఆ స్థలం ఆయనదేనా అంటే, అది వేరే సంగతి. 2025లో తమిళనాడు నిబంధన ఒకదాన్ని కొట్టేస్తూ సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది: అమ్మేవాడికి హక్కుందో లేదో తేల్చడం సబ్ రిజిస్ట్రార్ పని కాదు. అంటే పక్కవాడి స్థలాన్ని మీరు అమ్మదలచుకుంటే వేలిముద్రలు మాత్రం మీవే అయి ఉండాలి. అందులో రాజీ లేదు. ఆస్తి మీద జరిగిన లావాదేవీల పట్టిక, అదే ఈసీ, తీస్తే బయటపడుతుంది కదా అంటారేమో. ఈసీలో కనబడేది రిజిస్టరైన దస్తావేజులే. మొన్న అమ్మినవాడు నిన్న మళ్లీ అమ్మితే రెండు అమ్మకాలూ వరస తప్పకుండా, ముచ్చటగా కనిపిస్తాయి. మరోవైపు, తాతల నాటి నుంచి సాగు చేసుకుంటున్న రైతు తన పొలం అమ్ముకుందామని వెళ్తే, అది 22-ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్టరు చేయకూడని ఆస్తుల పట్టికలో, ఉందంటారు. ఎప్పుడు చేరిందో, ఎవరు చేర్చారో అడగడానికి కలెక్టరేట్ చుట్టూ తిరగాలి. తిరగడానికి వేలిముద్ర అక్కర్లేదు, అదొక వెసులుబాటు.

రిజిస్ట్రేషన్ అయ్యాక నెల్లాళ్లకు తెలుస్తుంది, తూర్పు హద్దులో రాయాల్సిన రోడ్డు పడమర పడిందని. పాత దస్తావేజులోంచి దింపేటప్పుడు జరిగిన పొరపాటట. సవరణ దస్తావేజు రాయించాలి, దానికి అమ్మినాయన మళ్లీ రావాలి. అప్పుడు ఇష్టపూర్వకంగా వచ్చినాయనకు ఇప్పుడు నడుం నొప్పి, మనవడి పరీక్షలు, శూన్యమాసం. ఫోన్ చేస్తే "చూద్దాం లెండి" అంటాడు. చివరికి మధ్యవర్తి వెళ్లి మాట్లాడి, కారు పంపించి, చేతిలో 50 వేలు పెడితే దిగుతాడు. లేఖరి కొత్త కాగితం మీద టైపు చేసి అందరికీ వినబడేలా చదువుతాడు: "ఈ సవరణ దస్తావేజు నిమిత్తం నేను మీ వద్ద నుండి ఎటువంటి ప్రతిఫలమూ పుచ్చుకొనలేదు." అమ్మినాయన కళ్లజోడు సర్దుకుని, జేబు తడుముకుని, పెన్ను అడుగుతాడు.