పాసేజ్ చదవకుండానే ఫుల్ మార్కులట!

ఈ వారంలో ఈ ఫార్వర్డ్ మెసేజ్ రావడం ఇది నాలుగోసారి. మొదట కాలేజీ గ్రూపులో వచ్చింది, తర్వాత మా పిన్ని పంపింది, ఆ తర్వాత గుడ్ మార్నింగులు తప్ప ఇంకేమీ పంపని పాత కొలీగ్ పంపాడు, నిన్న రాత్రి ఇంకొకళ్లు "నీకు పనికొస్తుందేమో చూడు" అంటూ పంపారు. ఏ ఎంట్రన్స్‌లోనైనా రీడింగ్ కాంప్రహెన్షన్‌కి, అంటే పాసేజ్ చదివి జవాబులు పెట్టే ప్రశ్నలకి, ఫుల్ మార్కులు తెచ్చే ఆరు రహస్యాలట. పాసేజ్ చదవొద్దు, ప్రశ్నలో ఉన్న మాటల్ని అందులో వెతుక్కుంటే చాలు. చదివేటప్పుడు మనసులో వినిపించే గొంతును ఆపేస్తే నిమిషానికి వెయ్యి పదాలు చదవొచ్చు. ప్రతి పేరాలో మొదటి వాక్యం, చివరి వాక్యం చూస్తే సరిపోతుంది. 'ఎప్పుడూ', 'మాత్రమే' అని ఉన్న ఆప్షన్ తప్పే. తెలియకపోతే 'సి' పెట్టేయండి. పరీక్షకు ముందు రెండు గ్లాసుల నీళ్లు తాగండి.

నీళ్ల సంగతి ముందు తేల్చేద్దాం. తాగండి, మంచిదే. రెండు గ్లాసులు పట్టించి రెండు గంటలు కదలకుండా కూర్చుంటే ఏమవుతుందో మాత్రం రాసినాయన ఆలోచించినట్టు లేదు.

'సి'కి ప్రత్యేకమైన మహిమేమీ లేదు. అమెరికా కాలేజీల ఎంట్రన్స్ శాట్‌లో 2016 నుంచి తప్పు జవాబుకు కోత లేదు కాబట్టి అక్కడ ఖాళీగా వదలడమే తెలివితక్కువ, ఏ అక్షరం పెట్టినా ఒకటే. ఎంబీఏ ఎంట్రన్స్ క్యాట్‌లో ఒప్పుకు 3, తప్పుకు మైనస్ 1. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని ఒకటి పెడితే సగటున మిగిలేది సున్నా. ఒక్క ఆప్షన్‌ని కచ్చితంగా కొట్టేయగలిగితే అప్పుడు లెక్క మనవైపు తిరుగుతుంది. కొట్టేయాలంటే పాసేజ్ చదివి ఉండాలి మరి.

'ఎప్పుడూ', 'మాత్రమే' సంగతి సగం నిజం. అలాంటి మాట కనిపిస్తే అనుమానించడం మంచి అలవాటే, కానీ పాసేజ్‌లో రచయితే "ఈ పద్ధతి ఇక్కడ మాత్రమే పనిచేస్తుంది" అని రాస్తే ఏం చేస్తారు? ఈ చిట్కా మన ఫోన్లోకి వచ్చిందంటే పేపర్ సెట్ చేసేవాళ్ల ఫోన్లోకి రాకుండా ఉంటుందా?

మొదటి వాక్యం, చివరి వాక్యం అంటారా? పేరా మధ్యలో ఒక 'అయితే' కూర్చుని మొదటి వాక్యాన్ని తిరగేస్తుంది. ఆ ఒక్క మాట మిస్సయితే ఆ పేరా మీద వచ్చే ప్రశ్న గోవిందా.

ఇక లోపలి గొంతు. ఇది కొత్త రహస్యమేమీ కాదు, అమెరికాలో ఎవెలిన్ వుడ్ అనే టీచర్ 1959లోనే స్పీడ్ రీడింగ్ క్లాసులు మొదలుపెట్టింది. మన కన్ను పేజీ మీద జారుతూ పోదు, ఆగి ఆగి గెంతుతుంది, ఆగిన ప్రతిసారీ దాదాపు పావు సెకను పడుతుంది, ఆ ఆగినచోట స్పష్టంగా కనబడేది కొద్ది అక్షరాలే. చదివేటప్పుడు కళ్ల కదలికల మీద పనిచేసిన సైకాలజిస్టు కీత్ రేనర్, అతని సహచరులు ఈ పరిశోధనలన్నీ సమీక్షించి 2016లో చెప్పింది కూడా అదే: వేగం బాగా పెంచితే అర్థం కావడం తగ్గుతుంది, లోపలి గొంతును నొక్కేస్తే నష్టమే. ఇదంతా తెలియక నేనూ ఒకప్పుడు నెలరోజులు లోపల "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని లెక్కపెడుతూ చదవడం ప్రాక్టీస్ చేశాను. పేజీ బ్రహ్మాండంగా తిరిగేది. ఏం చదివావని అడిగితే "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని చెప్పగలిగేదాన్ని.

అసలు కోపం మొదటి పాయింటు మీద, ఆ పాసేజ్ చదవొద్దన్నదాని మీద. మిగతావి పిల్లల టైమ్ తింటాయి, ఇది మార్కులు తింటుంది. ఒక చిన్న పాసేజ్ చూడండి, నేనే రాశాను:

"ముద్రణ యంత్రం వచ్చాకే సామాన్యులకు చదువు అందిందని చాలాకాలంగా చెప్పుకుంటున్నారు. పుస్తకాల ధర తగ్గిన మాట నిజమే. అయితే చదవడం నేర్పే బడి లేని ఊళ్లో చవక పుస్తకం కూడా గూట్లో అలంకారంగానే మిగిలింది."

రచయిత దేన్ని ఒప్పుకుంటాడు? ఒకటి: ముద్రణ యంత్రం పుస్తకాల ధర తగ్గించి సామాన్యులకు చదువు అందించింది. రెండు: నేర్చుకునే ఏర్పాటు లేకపోతే అచ్చు పుస్తకం దొరికినా ఫలితం తక్కువే. మాటలు వెతికే బాపతు మొదటిదాన్ని చూసి ఎగిరి గంతేస్తారు, ముద్రణ యంత్రం ఉంది, ధర ఉంది, సామాన్యులు ఉన్నారు, ఇంకేం కావాలి! రెండోదాంట్లో 'ఏర్పాటు', 'ఫలితం' లాంటి మాటలు పాసేజ్‌లో ఎక్కడా లేవు, కానీ జవాబు అదే. ఇది అనుకోకుండా జరిగేది కాదు. పాసేజ్‌లోని మాటల్ని తప్పు ఆప్షన్‌కి తొడిగి, ఒప్పుదాన్ని వేరే మాటల్లో చెప్పడం పేపర్ సెట్ చేసేవాళ్ల రోజువారీ పని. అంటే ఈ మెసేజ్ మన పిల్లల్ని సరిగ్గా వాళ్లు వల వేసిన చోటికే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తోంది. ఎంత సేవ!

"చదివితే టైమ్ చాలదు" అంటారు. లెక్క వేద్దాం. 2024 క్యాట్‌లో ఇంగ్లీషు సెక్షన్‌కి 40 నిమిషాలు, 24 ప్రశ్నలు, అందులో 16 ప్రశ్నలు నాలుగు పాసేజ్‌ల మీద. పాసేజ్ 500 పదాలు అనుకుంటే మొత్తం రెండు వేల పదాలు. ఇంగ్లీషు మౌనంగా చదివే సగటు వేగం నిమిషానికి 238 పదాలని 2019లో మార్క్ బ్రిస్‌బార్ట్ అనే సైకాలజిస్టు లెక్కతేల్చాడు. మన పిల్లలు కాస్త నెమ్మది, 200 వేసుకోండి. పది నిమిషాలు. మిగతా అరగంట ఎటు పోతోంది?

మా పిన్ని కూతురి పక్కన టైమర్ పెట్టుకుని కూర్చున్నాను, ఎటు పోతోందో కనబడింది. మొదటి పాసేజ్ మెసేజ్ చెప్పినట్టే చేసింది. ప్రశ్న చూడటం, పైకి పోవడం, మాట దొరికాక ఆ లైను చదవడం, కిందికి రావడం, మళ్లీ పైకి. రెండో పేరాని ముక్కలు ముక్కలుగా నాలుగుసార్లు చదివింది. తొమ్మిది నిమిషాలు, నాలుగింటిలో ఒక్కటి ఒప్పు. రెండోది ముందుగా మొత్తం చదవమన్నాను, ఒక్కో పేరా అయ్యాక ఆగి అందులో ఏముందో నాలుగు మాటల్లో నాకు చెప్పమన్నాను. చదవడానికి రెండున్నర నిమిషాలు పట్టింది, మొత్తం ఏడు నిమిషాలు, నాలుగింటిలో మూడు ఒప్పు. ఒక్క సాయంత్రంతో ఏదీ రుజువు కాదు, తెలుసు. కానీ రెండుసార్లూ గడియారాన్ని మింగింది ఒకటే, చివరికి మిగిలిన రెండు ఆప్షన్ల మధ్య ఊగిసలాట. ఆప్షన్‌ని చెడగొట్టే ఒక్క మాట కోసం చూడు, దొరక్కపోతే ఒకటి పెట్టి ముందుకెళ్లిపో అని చెప్పాల్సింది అక్కడ. దాని గురించి ఆ ఆరు రహస్యాల్లో ఒక్క ముక్క లేదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, ఇష్టం లేకపోయినా. ఇప్పటి డిజిటల్ శాట్ రీడింగ్, రైటింగ్ సెక్షన్‌లో ఒక్కో మాడ్యూల్, అంటే ఒక్కో భాగం, 32 నిమిషాలు, 27 ప్రశ్నలు, ఒక్కో పాసేజ్ 25 నుంచి 150 పదాలు, దానికి ఒకటే ప్రశ్న. అక్కడ ముందు ప్రశ్న చూసి తర్వాత పాసేజ్ చదవడమే మేలు, ఎందుకు చదువుతున్నామో తెలుస్తుంది. అయినా చదవాలి.

ఇదంతా టైప్ చేసి పిన్నికి పంపాను. "చాలా పొడుగుందే, మొదటి లైనూ చివరి లైనూ చదివాను, బాగుంది" అని రిప్లై ఇచ్చింది.