బీరువా ఉన్నచోట చరిత్ర పదిలం

పాత కట్టడాలను ఎలా బతికించుకోవాలన్న దానిమీద ఈ మధ్య సెమినార్లకు కొదవలేదు. పాత భవనాన్ని బొమ్మలా నిలబెట్టి చూస్తూ కూర్చోకండి, దానికో కొత్త పని అప్పజెప్పండి, నలుగురూ కలిసే చోటుగా, చిన్న వ్యాపారాలకు నీడగా మార్చండి అని వక్తలు చెబుతున్నారు. మాట బంగారమే. కాకపోతే ఈ విద్య మనకొకరు నేర్పాలా? నిజాం రాజ్యం పోయినప్పటి నుంచీ మనం చేస్తున్నది ఇదే కదా! ఏ నవాబుగారి దేవిడీ ఖాళీగా కనిపించినా లోపలో బీరువా, దాని ముందో బల్ల, గుమ్మంలో అటెండరు, గేటు పక్కన జిరాక్స్ సెంటరు, దాని పక్కన చాయ్ బండి. ఇంతకు మించిన పునర్వినియోగం ఏ దేశంలో జరిగిందో చూపించమనండి.

చార్మినార్ దగ్గరి సర్దార్ మహల్ సంగతే తీసుకోండి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1900లో తన బేగం కోసం కట్టించాడు. ఆవిడకు అది నచ్చలేదు, అందులో కాపురమే పెట్టలేదంటారు. బేగంగారికి నచ్చని ఇల్లు మున్సిపాలిటీకి నచ్చింది. పన్ను బకాయిల కింద 1965లో స్వాధీనం చేసుకుని ఆఫీసు పెట్టేసింది. పన్ను కట్టలేక జప్తయిన ఇంట్లో కూర్చుని ఊరందరినీ పన్ను కట్టమనడం! ఇంతకంటే పవిత్రమైన వారసత్వ పరిరక్షణ నాకైతే తెలియదు. ఇప్పుడు దాన్ని కళా సాంస్కృతిక కేంద్రంగా మార్చాలని 2022లో శంకుస్థాపన చేశారు. సంతోషం. అయితే ఒక్క మాట. ఇన్నేళ్లూ ఆ గదుల్లో గుమాస్తాలు తిరిగారు గనకే ఇవాళ బాగుచేయడానికి అక్కడో పైకప్పంటూ మిగిలింది. ప్రారంభోత్సవం నాడు ఆ గుమాస్తాల్లో ఒకరికైనా శాలువా కప్పుతారని ఆశిస్తున్నాను. కప్పరు, నాకు తెలుసు.

ఎర్రమంజిల్ కథ ఇంకా గంభీరమైనది. ఫఖ్రుల్ ముల్క్ నవాబు గుట్టమీద కట్టుకున్న ఆ మహల్లో రోడ్లు భవనాల శాఖ దశాబ్దాల పాటు కొలువుంది. రాష్ట్రంలో ఏ భవనం గట్టిదో, ఏది కాదో చెప్పాల్సిన శాఖ తన నెత్తిమీద పెచ్చులూడుతున్నా చలించకుండా పనిచేసుకుపోవడం చిన్న విషయం కాదు. హైదరాబాద్ జోనింగ్ నియమాల్లో పాత కట్టడాలను కాపాడే పదమూడో నిబంధనను 2015లో తీసేశారు. 2019 జూన్‌లో, ఈ మహల్‌ని కూల్చి అక్కడే కొత్త శాసనసభ కడతామని శంకుస్థాపన కూడా చేశారు. సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. మహల్ దక్కిందని ఫేస్‌బుక్‌లో అందరం శుభాకాంక్షలు చెప్పుకున్నాం, మర్నాడు ఎవరి పనుల్లో వాళ్లం పడ్డాం. సరే దక్కింది, ఇక దాన్ని ఏం చేద్దాం అని అడిగినవాళ్లు తక్కువ. కాపాడటం ఒక శాఖ, వాడటం ఇంకో శాఖ అని మనకు ముందే తెలుసు గనక.

కోఠీ రెసిడెన్సీ కూడా అంతే. కంపెనీ దొర కిర్క్‌పాట్రిక్ కట్టించుకున్న ఆ భవనంలోకి 1949లో ఆడపిల్లల కాలేజీ రాకపోయి ఉంటే, గుమ్మం ముందున్న ఆ రెండు సింహాలు ఏ ఫామ్‌హౌస్ గేటుకో కాపలా కాస్తుండేవి.

నా సిద్ధాంతానికి లొంగని కట్టడం ఊళ్లో ఒకటుంది. మొజంజాహీ మార్కెట్. ఏడో నిజాం కాలంలో, 1930లలో, మార్కెట్ కోసమని కట్టారు. సిగ్గులేకుండా ఇప్పటికీ మార్కెట్‌గానే ఉంది! హోల్‌సేల్ పళ్ల వ్యాపారం గడ్డిఅన్నారం వెళ్లిపోయినా ఐస్‌క్రీమ్, డ్రైఫ్రూట్స్, అత్తరు, పాన్ దుకాణాలు కదల్లేదు. గడియారం కింది రాతి గోడలను శుభ్రం చేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచినప్పుడు కూడా పాత వ్యాపారులే లోపల ఉన్నారు. మే నెలలో రాత్రి పదింటికి వెళ్లి చూడండి. వాకిట్లో కుర్చీలన్నీ నిండి ఉంటాయి. కుర్చీ దొరకని పెద్దావిడ ఆపి ఉన్న స్కూటీ మీద కూర్చుని మామిడి ఐస్‌క్రీమ్ తింటుంటుంది. మనవడు తన కప్పు ఖాళీ చేసి ఆవిడ కప్పులో చెంచా పెడతాడు. ఆవిడ వద్దంటూనే కప్పు అటు జరుపుతుంది.

నిపుణుడిగా నాకిది ఎంతమాత్రం మింగుడుపడటం లేదు. ఇందులో కాన్సెప్ట్ ఏది? సెల్ఫీ గోడ ఏది? పద్ధతి ప్రకారమైతే ముందు అద్దె పదింతలు చేయాలి. దాంతో అత్తరు సాయిబు తనంతట తానే వెళ్లిపోతాడు. గోడకున్న సున్నం గీకి ఇటుకలు బయటపెట్టి, పసుపు బల్బులు వేలాడదీసి, ఇరానీ చాయ్‌ని మట్టి కప్పులో పోసి మూడొందలకు అమ్మాలి. చివరగా, వెళ్లిపోయిన సాయిబు నలుపు తెలుపు ఫోటో ఒకటి పెద్దది చేసి గోడకు తగిలించి, కింద 'మన వారసత్వం' అని రాయాలి. చిన్న వ్యాపారులకు ప్రోత్సాహం అంటే అదీ.

గోదావరి తీరాన కూడా ఓ సమస్య నలుగుతోంది. రాజమండ్రి హేవలాక్ రైలు వంతెన 1900లో కొలువుకెక్కి 1997లో రిటైరైంది. అప్పట్నుంచీ దానికి పర్యాటక హోదా ఇస్తామంటూనే ఉన్నారు. పాపం, దాని తప్పేమీ లేదు. బీరువా ఆనించడానికి గోడ లేదంతే. ఉంటే ఈపాటికి ఏదో ఒక సబ్ డివిజన్ ఆఫీసు వెలిసేది, ఆ ధర్మమా అని ఏడాదికోసారి రంగైనా పడేది.

కనుక ప్రభుత్వాలకు నా విన్నపం. వారసత్వ కమిటీలు, కన్సల్టెంట్లు తర్వాత చూసుకోవచ్చు. ముందు ప్రతి పాత కట్టడంలో ఒక శాశ్వత ఉద్యోగం మంజూరు చేయండి. పనేమీ చెప్పక్కర్లేదు. ఎవరొచ్చి ఖాళీ చేయమన్నా "పై నుంచి ఆర్డరు రాలేదండీ" అంటే చాలు. అర్హత ఒక్కటే, ఎక్కిన కుర్చీ వదలకూడదు. నోటిఫికేషన్ ఇచ్చి చూడండి, మాజీ మంత్రుల నుంచే అప్లికేషన్లు వచ్చి పడతాయి.